బడిలో మడి

అన్నము తినని దినము ఎవరికిని లేదు. అయినను తాను తిను అన్నము ఎచటనుండి వచ్చుచున్నదో, అది పండుటకు ఎన్ని నెలలు పట్టునో, పండినది చెడకుండ నిలుపుటకు ఎంత నేర్పు కావలెనో చెప్పగల విద్యార్థులు నేడు అరుదుగా నున్నారు. బారువడ్డీ లెక్కలను నిముసములో చేయు బాలునకు వంకాయ నారు ఎన్ని వారములకు నాటుటకు వచ్చునో తెలియదు. నైలునది ఎచట పుట్టినదో చెప్పు బాలికకు తన ఊరి చెఱువు క్రింద ఏయే పైరులు పండునో తెలియదు. ఇది పిల్లల తప్పు కాదు. ఆ తెలివిని వారికి ఎవరు నేర్పవలెనో పెద్దలు నిర్ణయింపలేదు. ఇంటిలో నేర్తురని బడి ఊరకున్నది. బడిలో నేర్తురని ఇల్లు ఊరకున్నది.

ఈ విషయమును ఆలోచించుటకు రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము తగిన చోటు. హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున, నగరమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఈ పట్టణము కలదు. గోలకొండను 1550 మొదలు 1580 వఱకు పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు దీనికి నిలిచినది. ఇచటి పెద్ద చెఱువు ఆ కాలము నాటిదే. వానలు కురిసి చెఱువు నిండిన యేడు దాని క్రింద వరి పండెడిది. ఎఱ్ఱ చెలకలలో జొన్న, కంది, ఆముదము పండెడివి. నగరము పెరిగినకొలది కాయగూరల సాగును పెరిగినది. టమాట, వంకాయ, బెండ, బీర, ఆకుకూరలు ఈ ప్రాంతమునుండి నగరపు అంగళ్లకు నేటికిని పోవుచున్నవి.

కాని నగరము కూరలను మాత్రమే కోరి ఊరకుండలేదు, భూమినిగూడ కోరినది. ఇబ్రహీంపట్నము మండలములోని ఆదిభట్లయందు విమాన భాగములను చేయు కర్మాగారములు, కంప్యూటరు సంస్థల కార్యాలయములు వెలసినవి. వాటివలన అనేకులకు జీవనోపాధి కలిగినది; దానిని నిందింపవలసిన పని లేదు. అయితే వాటి వెంట ఇండ్ల స్థలముల బేరము వచ్చినది. ఎకరములలో కొలిచిన భూమిని గజములలో కొలుచుచున్నారు. హద్దురాళ్లు పాతిన చెలకలో నాగలి సాగదు. భూమి అమ్మగా వచ్చిన పైకము బ్యాంకులో నిలుచును. ఆ భూమిని గూర్చిన తెలివి, అనగా ఏ వానకు ఏ విత్తు చల్లవలెను, ఏ తెగులుకు ఏ ఆకు రసము పనిచేయును, ఏ గింజను ఎట్లు దాచవలెను అను తెలివి, ఏ బ్యాంకులోను నిలువదు. అది తాతనుండి తండ్రికి, అమ్మమ్మనుండి అమ్మకు, చేతినుండి చేతికి వచ్చినది. ఒక్క తరము దానిని అందుకొనకున్న తరువాతి తరమునకు ఇచ్చువారుండరు.

కావున ప్రతి పాఠశాలయందును, చిన్నదైనను ఒక కూరల మడి యుండవలెను. ఆ మడి అలంకారము కొఱకు కాదు, పాఠము కొఱకు. ఆ పాఠము పంట కోయుటతో ముగియరాదు. పండినదానిని ఎండబెట్టి, ఊరబెట్టి నిలువచేయుట, విత్తనమును దాచి మఱుసటి యేటికి అందించుట నేర్చిననాడే అది పూర్తియగును. పండించుట సగము విద్య; నిలుపుట తక్కిన సగము.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. రవీంద్రనాథ ఠాగూరు 1924లో శిక్షాసత్ర అను బడిని స్థాపించి, పల్లె పిల్లలకు తోటపని, చేతిపనులు చదువులో భాగముగా నేర్పించెను. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో జరిగిన విద్యా మహాసభయందు మహాత్మాగాంధి చేతిపని కేంద్రముగా గల విద్యను ప్రతిపాదించెను. ఆ విద్యకు రూపము కల్పించిన సంఘమునకు అధ్యక్షుడు జాకీర్ హుసేను. ఆయన 1897లో హైదరాబాదున జన్మించి, 1967లో భారత రాష్ట్రపతియైన మహనీయుడు. ఆ సంఘము సూచించిన వృత్తులలో నూలు వడకుట, వడ్రంగముతోపాటు వ్యవసాయము, పండ్ల, కూరల తోటల పెంపకము చేరియుండెను. ఏ పని చేయించినను దాని కారణమును గూడ పిల్లవానికి తెలియజెప్పవలెననుట గాంధీజీ మతము.

ఆ విద్య ఎందుచేత నిలువలేదు? పని చేతికి వచ్చెను గాని అనేక చోట్ల కారణము బుద్ధికి రాలేదు. కలిగినవారు తమ పిల్లలను పుస్తకముల బడికి పంపి, పేదల పిల్లలకు పని బడి చాలునని తలచిరి. దానిని చూచి పేదలును ఆ బడిని నమ్మరైరి. కాలక్రమమున విద్య 'తోటపని' అయినది. తోటపని వారమునకు ఒక పీరియడు అయినది. పరీక్షలు దగ్గఱపడగానే ఆ పీరియడు గణితమునకు పోయినది. 1964 మొదలు 1966 వఱకు పనిచేసిన కొఠారి విద్యా సంఘము పని అనుభవము చదువులో చేరవలెనని మరల నొక్కి చెప్పెను. ఆ మాటకును పాఠశాలల కాలపట్టికలో తగినంత చోటు దొరకలేదు.

ఇటీవల ఈ విషయము మరల ముందుకు వచ్చినది. పాఠశాలలలో పోషకాహార తోటలను పెంచుటకు కేంద్ర ప్రభుత్వము 2019 అక్టోబరులో మార్గదర్శకములను వెలువరించెను. 2021లో మధ్యాహ్న భోజన పథకము పీఎం పోషణ్ అను పేరు పొందినప్పుడు ఈ తోటలును దానిలో భాగమైనవి. 6వ తరగతినుండి 8వ తరగతి వఱకు చదువు విద్యార్థులు 10 దినములు పుస్తకముల సంచి లేకుండ వచ్చి, వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలగు స్థానిక వృత్తి నిపుణులకడ పని నేర్వవలెనని 2020 నాటి జాతీయ విద్యా విధానము సూచించినది. ఇట్లు ఉత్తరువులకు కొదువ లేదు. అవి కాగితమునుండి మట్టిలోనికి దిగుటయే కావలసినది.

అయితే ఇందుకు ఒక బలమైన ఆక్షేపణ కలదు. దానిని తేలికగా తీసివేయుట న్యాయము కాదు. కూలిపని చేసి బిడ్డను చదివించుకొను తల్లి ఇట్లు అడుగవచ్చును: "మేము మట్టిలో బ్రదికితిమి. మా బిడ్డలైనను నీడపట్టున కూర్చుండి చదువుకొందురని బడికి పంపితిమి. అచటనుగూడ గడ్డపాఱయేనా?" ఈ ప్రశ్నలో నిందకంటె నొప్పి ఎక్కువ. తరతరములుగా మట్టి పని ఆమెకు గౌరవమును తేలేదు. ఆకలిని తీర్చు పంటను పండించినవారే ఆకలితో నిద్రించిన దినములను ఆమె చూచినది. శ్రమకు గౌరవము కలదని వేదికపై చెప్పువారు తమ బిడ్డల చేతికి పాఱ నీయరని ఆమె ఎఱుగును.

రంగారెడ్డి జిల్లాలో ఈ ప్రశ్న మఱింత బరువైనది. మామిడిపూడి వెంకటరంగయ్య పేర 1981లో ఏర్పడిన ఫౌండేషను 1991 ప్రాంతమున ఈ జిల్లా పల్లెలలోనే తన కృషిని ప్రారంభించినది. వెట్టికి కుదిరిన పిల్లలను, పసుల వెంటను పొలములలోను దినమంతయు పనిచేయు పిల్లలను ఆ సంస్థ శిబిరములకు తెచ్చి, చదువు నేర్పి, వయసునకు తగిన తరగతులలో చేర్పించెను. బడికి పోని బిడ్డ యెవరైనను బాల కార్మికులేయనుట ఆ సంస్థ సిద్ధాంతము. ఈ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. పిల్లలను పొలమునుండి బడికి తెచ్చుటకు ఇంత పోరాటము జరిగిన జిల్లాలో, బడిలోనికి పొలమును తెచ్చువారు ఎంతయో మెలకువతో ఉండవలెను.

బడి మడికిని బాలకార్మికతకును గల భేదమును మూడు గురుతులవలన తెలిసికొనవచ్చును. మొదటిది, పంట ఎవరిది? మడిలో పండినది పిల్లల పళ్లెములోనికే రావలెను. మఱియొకరి ఇంటికి పోయినచో అది వెట్టియే. రెండవది, కాలమెంత? వారమునకు రెండు పీరియడులు పాఠము. అంతకు మించి ఇతర పాఠములను మానిపించి చేయించినది కూలి. మూడవది, ప్రశ్నకు చోటున్నదా? పొలములో కూలికి పోయిన బాలుని 'కలుపు తీయుము' అందురే గాని 'కలుపును ఏల తీయవలెను' అని అడుగనీయరు. బడిలో ఆ ప్రశ్నతోనే పని మొదలు కావలెను. పనిని పాఠముగా మార్చునది ఆ ప్రశ్నయే.

ఇంకను కొన్ని నియమములు కలవు. ఆలస్యముగా వచ్చినవానిని, పాఠము అప్పగింపనివానిని మడిలో కలుపు తీయుమని శిక్షించుట తగదు. అట్లు చేసినచో మట్టి అనునది శిక్ష యని పిల్లలు నేర్తురు. ఆ పాఠమును వారు జన్మలో మఱువరు. ఊడ్చుట బాలికలకు, త్రవ్వుట బాలురకు, పెంట మోయుట ఒక కులమువారికి అను పాత పంపకములు బడి గోడను దాటి లోపలికి రారాదు. హాజరు పట్టీలోని వరుస ప్రకారము ప్రతి పనియు ప్రతివారికిని రావలెను. సర్పంచి కుమారుడైనను, ఉపాధ్యాయుని కుమార్తెయైనను, కూలివాని బిడ్డయైనను ఆ వరుసలోనివారే. కూలి తల్లి అడిగిన ప్రశ్నకు సమాధానము మాటలలో లేదు. ఆ వరుసలో నున్నది.

ఇక మడిలో నేర్వదగినవి ఏవి? మొదట భూమి. ఇబ్రహీంపట్నము చుట్టును గల ఎఱ్ఱ చెలక నీటిని త్వరగా ఇంకించుకొనును. అంతే త్వరగా ఆఱిపోవును. దానిలో కుళ్లిన ఆకు అలముల పాలు తక్కువ. ప్రక్క ప్రక్కనే రెండు మడులు కట్టి, ఒకదానిలో బడి ఆవరణమున రాలిన ఆకులతోను, కాయగూరల తొక్కలతోను చేసిన ఎరువును కలిపి, రెండవదానిలో కలుపక, ఒకే విత్తును చల్లి చూచినచో ఎరువు విలువ ఉపన్యాసము లేకయే తెలియును. నూఱు విత్తనములను తడిగుడ్డలో మూటకట్టి, మొలచినవానిని లెక్కించినచో శాతములు అను గణిత పాఠము వేళ్లకు తగులును. చిక్కుడు మొక్కను పెఱికి దాని వేళ్లపై నున్న బుడిపెలను చూచినచో గాలిలోని నత్రజని నేలకు ఎట్లు చేరునో అర్థమగును. బెండపూవును, పుంటికూర పూవును, ప్రత్తిపూవును ఒక చోట నుంచి చూచినచో అవి ఒకే కుటుంబమువని ఎవరును చెప్పనక్కఱలేదు. గుమ్మడి తీగకు పూచిన పూవులన్నియు కాయలు కావేమని అడిగిన బాలిక మగపూవును ఆడుపూవును వేఱుపఱుప నేర్చును. నడుమ తేనెటీగ చేయు మేలును గుర్తించును.

అన్నిటికంటె గొప్ప పాఠము లెక్కలోనే కలదు. మధ్యాహ్న భోజనమున 6వ తరగతినుండి 8వ తరగతి వఱకు గల విద్యార్థి ఒక్కనికి దినమునకు 75 గ్రాముల కూరగాయలు ఇవ్వవలెనని నియమము. 120 మంది విద్యార్థులున్న బడికి అది 9 కిలోలు. ఈ తరగతులకు సంవత్సరమునకు 220 పనిదినములు ఉండవలెనని విద్యాహక్కు చట్టము నిర్దేశించినది. అనగా ఏడాదికి 1,980 కిలోలు. రమారమి రెండు టన్నులు. చక్కగా పెరిగిన తోటకూర చదరపు మీటరునకు సుమారు ఒక కిలో వచ్చునని అనుకొందము. 20 చదరపు మీటర్ల మడిని ఇరువదియైదు, ముప్పది దినములు కాచి, తడిపి, కలుపు తీసి కోసినచో 20 కిలోలు వచ్చును. అది ఆ బడికి రెండు దినముల కూర.

కావున బడి మడి బడిని పోషించునని చెప్పుట అసత్యము. అట్టి వాగ్దానము చేసి, అది నెరవేఱనందున మడినే మానివేయుట మఱియొక తప్పు. నెలదినములు శ్రమించి రెండు పూటల కూర పండించిన విద్యార్థికి తన పళ్లెములోని ప్రతి మెతుకు వెనుక ఎంత భూమి, ఎన్ని దినములు, ఎందఱి చేతులు ఉన్నవో తెలియును. ఆ తరువాత అతడు కూరను పాఱవేయుటకు వెనుదీయును. సంతలో రైతుతో రూపాయి కొఱకు గీచి గీచి బేరమాడుటకు సంకోచించును. అన్నము పరబ్రహ్మ స్వరూపమని గోడపై వ్రాయుట సులభము. ఆ మాట అర్థము కావలెనన్న చేతికి మట్టి అంటవలెను.

పండించినదంతయు పళ్లెమునకు చేరుననుట భ్రమ. లూధియానాలోని కేంద్ర పరిశోధన సంస్థ 2015లో ప్రకటించిన లెక్క ప్రకారము మన దేశమున టమాట పంటలో నూటికి 12 పాళ్లకు పైగా కోతకును కొనుగోలునకును నడుమనే నష్టమగుచున్నది. ధర పడిపోయిన దినములలో రైతు టమాటను కోసిన కూలియు రాక త్రోవ ప్రక్కన పాఱబోయుట వింత కాదు. మఱి రెండు నెలలకు అదే కాయ సామాన్యునకు అందని ధర పలుకును. పండుట చాలదు, నిలువవలెను. ఈ సంగతిని పల్లె స్త్రీలు ఎన్నడో గ్రహించిరి. వేసవిలో వడియములు, గోరుచిక్కుడు వరుగులు, మామిడి వరుగులు, మజ్జిగలో ఊరవేసి ఎండబెట్టిన చల్ల మిరపకాయలు, పుంటికూర తొక్కు, ఉప్పు పట్టించి జాడీలో అదిమిన చింతపండు, ఇవన్నియు వానకాలపు కఱవును ముందుగా ఊహించి చేసిన ఏర్పాటులు.

వీని వెనుక గల శాస్త్రము విద్యార్థులకు తెలియనిది కాదు. సూక్ష్మజీవులను గూర్చి వారు జీవశాస్త్రమున చదువుదురు. సూక్ష్మజీవి పెరుగుటకు నీరు కావలెను. ఎండ ఆ నీటిని తీసివేయును. ఉప్పు ఆ నీటిని వెలికి లాగును. చింతపండు, నిమ్మరసముల పులుపు సూక్ష్మజీవులను పెరుగనీయదు. పైన తేలు నూనె గాలిని అడ్డగించును. కావున ఊరగాయ జాడీ ఒక చిన్న ప్రయోగశాల. ఫ్రాన్సు దేశమున నికొలా ఆపేర్ అను మిఠాయిల వర్తకుడు ఆహారమును సీసాలలో గట్టిగా మూసి, మరుగు నీటిలో కాచి నిలుపు పద్ధతిని కనుగొని, 1810లో తన ప్రభుత్వమునుండి 12,000 ఫ్రాంకుల బహుమానమును పొందెను. ఆ ఆహారము ఏల చెడకున్నదో ఆయనకే తెలియదు. అర్ధ శతాబ్దము తరువాత లూయీ పాశ్చరు పరిశోధనలవలన ఆ కారణము లోకమునకు తెలిసినది. అనుభవము ముందు నడచి శాస్త్రము వెనుక వచ్చుట ఎల్లెడల కలదు. పల్లెటూరి అమ్మమ్మయు ఆపేర్ వంటిదే. ఆమెకు బహుమానము ఇచ్చినవారు లేరు.

వృత్తి నిపుణులను బడికి పిలువుమని విద్యా విధానము చెప్పినప్పుడు మొదట పిలువవలసినది ఆమెనే. ఆమె గోరుచిక్కుడు కాయలను ఉడికించి ఎండబెట్టుట చూపవలెను. విద్యార్థులు ప్రతి సాయంకాలమును తూచి బరువు వ్రాసికొనవలెను. ఆ కాయలో నూటికి ఎనుబది పాళ్లు నీరేయని త్రాసు చెప్పును. మఱియొక సత్యమునుగూడ వారు తెలిసికొనవలెను. ఎండకు 'సి' విటమిను చాల వఱకు నశించును. కావున వరుగు పచ్చికూరకు సాటి రాదు. పచ్చికూర లేని దినమున ఆదుకొనును. తడి గరిటె పెట్టిన ఊరగాయ ఏల చెడునో, బూజు పట్టినదానిని గీకివేసి తినుట ఏల అపాయమో వారు నేర్వవలెను. ఈ పనులు ఆడపిల్లలవని మగపిల్లలు తప్పించుకొనరాదు. మడి త్రవ్విన బాలికయు, మిరపకాయలకు ఉప్పు పట్టించిన బాలుడును ఒకే బడిలో నున్నప్పుడే ఆ బడి విద్య నిండైనది.

ఈ పాఠమునకు కాలమును ప్రకృతియే కుదిర్చి పెట్టినది. తెలంగాణమున పాఠశాలలు సాధారణముగా జూను 12వ తేదీన తెఱచుదురు. మృగశిర కార్తె అంతకు నాలుగైదు దినములకు ముందే ప్రవేశించును. తొలకరికి బెండ, గోరుచిక్కుడు, బీర, పుంటికూర విత్తవచ్చును. దసరా నాటికి కాయలు దిగును. చలి మొదలు కాగానే పాలకూర, మెంతికూర, కొత్తిమీర, టమాట వేయవచ్చును. ఎండలు ముదురు మార్చి మాసమున వరుగులు, వడియములు పెట్టవచ్చును. ఏప్రిలు చివర బడి మూయునప్పటికి మడి ఎండిపోవును. అప్పటికి విత్తనము చేతికి వచ్చి యుండును. వేసవి సెలవులలో మడికి నీరు పోయువారెవరని కొందఱు అడుగుదురు. పోయనక్కఱలేదు. పైరు ఎండుటయు పాఠములో భాగమే. గింజను దాచుకొనుటయే వేసవి పని.

చిక్కులు లేకపోలేదు. నీటి కొఱత కలదు. భోజనమునకు ముందు పిల్లలు చేతులు కడిగిన నీటిని, బియ్యము కడిగిన నీటిని కాలువ తీసి మడికి మళ్లింపవచ్చును. కోతుల బెడద కలదు. దానికి కంపయు, కావలియు, ఓర్పును తప్ప సులభోపాయము లేదు. పట్టణమున ఇఱుకు భవనములలో నడచు బడులకు నేలయే లేదు. అచట పాత గోనెసంచులలోను, తొట్లలోను, డాబా మీదను ఆకుకూరలు పెంచవచ్చును. వీనియన్నిటికంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు. తనిఖీ దినమునకు మొక్కలు తెచ్చి గ్రుచ్చి, ఛాయాచిత్రము తీయించి, మఱునాడు మఱచుట. పలకపై పేరు, మడిలో పల్లేరు అన్నట్లు ఉన్న తోటకంటె తోట లేకుండుటయే మేలు. పిల్లలకు కపటమైనను నేర్పదు. మడిలో ఏ దినమున ఏమి చేసిరో, ఏమి పండినదో, ఏమి చెడినదో వ్రాసికొను పుస్తకము ఒకటి ప్రతి విద్యార్థికిని ఉండవలెను. అంగడిలో కొన్న పటములను అంటించు ప్రాజెక్టు పనికంటె ఆ పుస్తకమునకే ఎక్కువ విలువ నీయవలెను. చీడ తిన్న మడిని గూర్చి నిజము వ్రాసినవానికి మార్కులు తగ్గింపరాదు.

చివరిది విత్తనము. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన సంఘముల మహిళలు ఈ విద్యకు దారి చూపిరి. వారిలో చాల మంది పేద దళిత స్త్రీలు. జొన్న, సజ్జ, కొఱ్ఱ, పప్పుధాన్యములు మొదలగు పాత పంటల విత్తనములను వారు బూడిదతోను, వేపాకుతోను, మట్టితోను కలిపి బుట్టలలో భద్రపఱచిరి. అక్కఱయైనవారికి ఇచ్చి, పంట వచ్చిన తరువాత తిరిగి తీసికొనిరి. వారి కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమానమును ప్రకటించినది. ఆ సంస్థయే మాచనూరు గ్రామమున 'పచ్చసాల' అను బడిని నెలకొల్పి, పిల్లలకు పాఠములతోపాటు సేద్యమును, చేతిపనులను నేర్పినది. పుస్తకముల విద్యయు, మట్టి విద్యయు ఒకే కప్పు క్రింద ఇమడగలవనుటకు తెలుగునాటనే ఇట్టి నిదర్శనము కలదు.

ఇబ్రహీంపట్నపు బడులలోను ఈ ఆచారమును పెట్టవచ్చును. సంకర జాతి విత్తనమునుండి తీసిన గింజ తల్లి మొక్క గుణములను నిలుపదు. కావున బడి మడికి నాటు విత్తనమునే ఎన్నుకొనవలెను. ఏటేట ఎనిమిదవ తరగతివారు తాము పండించి, ఎండబెట్టి, బూడిద కలిపి దాచిన విత్తనములను బడి మూయుటకు ముందు ఏడవ తరగతివారికి లెక్కవ్రాసి అప్పగింపవలెను. విత్తనము మొలవకున్నచో తప్పు ఎచట జరిగినదో జూనులో వారే కలిసి విచారింపవలెను. ఇందులో పరీక్ష కలదు. ప్రశ్నపత్రము మాత్రము లేదు.

ఆ పిల్లలందఱును రైతులు కావలెననుట ఎవరి కోరికయు కాదు. కొందఱు వైద్యులగుదురు, కొందఱు ఆదిభట్ల కర్మాగారములలో విమాన భాగములను బిగింతురు, కొందఱు దూరదేశములకు పోవుదురు. ఏ పని చేసినను మూడు పూటల తినకుండ నెవరును ఉండరు. తినువారికి పండించువాని కష్టము తెలిసియుండుట దేశమునకు క్షేమము. భూమి ధర నిర్ణయించుచోట, చెఱువు శిఖము ఆక్రమణను గూర్చి తీర్పు చెప్పుచోట, పంటకు మద్దతు ధరను కట్టుచోట రేపు కూర్చుండబోవువారు నేటి విద్యార్థులే. చేతితో ఒక్క మడినైనను పండించి, ఒక్క గింజనైనను దాచియుంచిన అనుభవము వారికి ఉన్నచో ఆ నిర్ణయములు వేఱు విధముగా నుండును.